కాకి వాలిన ఇల్లు

మనిషి ఎప్పుడు చనిపోయినట్టు? అమెరికాలో 1981లో తయారైన నమూనా చట్టం దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పింది. రక్తప్రసరణ, శ్వాస ఇక తిరిగిరాకుండా ఆగిపోయినా, లేదా మెదడు కాండంతో సహా మెదడంతా చేసే పనులన్నీ తిరిగిరాకుండా ఆగిపోయినా ఆ మనిషి మరణించాడు. కాలిఫోర్నియా చట్టంలోనూ ఇదే ఉంది. ఇక్కడి ఫ్రెస్నో చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో, బాదంతోటల్లో పనిచేసే మెక్సికో కుటుంబాల కోసం వైద్యపదాల నిర్వచనాలను ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి తేవడం నా పని. ఇన్ని పదాల్లో నన్ను వదలకుండా పట్టుకున్నది ఈ వాక్యమే.

‘బ్రెయిన్ డెత్’కు స్పానిష్ పదం ఎంచుకోవడం పెద్ద చిక్కేమీ కాదు. జనం నోట ఉన్నది ‘ముయెర్తే సెరెబ్రాల్‌’. కానీ వైద్యుల స్పానిష్‌లో సెరెబ్రో అంటే ముఖ్యంగా పెద్ద మెదడు. చిన్న మెదడునూ కాండాన్నీ కలిపి చెప్పాలంటే ఎన్సెఫాలో అనాలి. స్పెయిన్‌ 1980 నాటి అవయవమార్పిడి ఉత్తర్వులో మొదటి మాటే ఉంది, 1999 ఉత్తర్వు ‘ముయెర్తే ఎన్సెఫాలికా’కు మారింది. నేనూ దాన్నే తీసుకున్నాను.

నన్ను ఆపింది వాక్యం నడుమనున్న ‘లేదా’. మరణం అంటే ఏమిటో చెప్పే వాక్యంలో ‘లేదా’ ఎలా వస్తుంది? మరణాలు రెండు రకాలు కావు గదా.

మన వేదాంతులు లక్షణాన్ని రెండుగా విడదీశారు. వస్తువు ఏమిటో చెప్పేది స్వరూపలక్షణం. వస్తువులో భాగం కాకపోయినా దాన్ని పోల్చుకోవడానికి పనికొచ్చేది తటస్థలక్షణం. దేవదత్తుడి ఇల్లు ఏదని అడిగితే, అదిగో కాకి వాలిందే, అది అని చూపిస్తాం. ఇల్లు దొరుకుతుంది. కాకి ఎగిరిపోయాక కూడా ఆ ఇల్లు దేవదత్తుడిదే. రాజమండ్రిలో మా తాతగారు పాఠం చెబుతూ, కాకిని ఇంటి గోడల్లో కలిపి లెక్కపెట్టకండిరా అని శిష్యులకు నొక్కి చెప్పేవారు.

1981 చట్టం ఇచ్చింది తటస్థలక్షణమేనని నా నమ్మకం. ఆ ఏడాదే బెర్నాట్‌, కల్వర్‌, గెర్ట్‌ కలిసి రాసిన వ్యాసం నిర్వచనం, ప్రమాణం, పరీక్ష మూడూ వేరని చూపింది. మరణం ఏమిటన్నది నిర్వచనం. ఏది జరిగితే మరణం జరిగినట్టన్నది ప్రమాణం. అది జరిగిందని తేల్చేది పరీక్ష: వెంటిలేటర్‌ నుంచి విడదీసి, ఆక్సిజన్‌ మాత్రం అందిస్తూ, రక్తంలో కార్బన్‌ డయాక్సైడ్‌ పీడనం 60 మిల్లీమీటర్లకు చేరినా ఛాతీ కదలదా అని వైద్యులు కళ్ళార్పకుండా చూస్తారు. ఇలాంటి పరీక్షలన్నిటిలో మరణం తేలిన కొందరిలో హైపోథలామస్‌ హార్మోన్ల పని ఇంకా సాగుతూనే ఉంటుంది. చట్టమేమో ‘పనులన్నీ’ అంటోంది. స్పానిష్‌లో ఆ ‘అన్నీ’ని కాస్త సడలించమని ఒక సమీక్షకుడు సూచించాడు. చట్టం అనని మాటను చట్టం చేత అనిపించలేను. ‘అన్నీ’ని ఉన్నదున్నట్టే ఉంచాను.

ఆ కుటుంబాల్లో చాలామంది కాథలిక్కులు. మరణానికీ, దాన్ని పోల్చుకునే గుర్తుకూ ఉన్న ఈ భేదం వారి చర్చికి కొత్త కాదు. 1957 నవంబరు 24న మత్తువైద్యులతో మాట్లాడుతూ పోప్‌ పన్నెండో పయస్‌, ప్రాణం పోయిన ఘడియను తేల్చడం వైద్యుల పని, చర్చి పరిధిలోది కాదన్నాడు. ఆత్మ దేహాన్ని విడవడమే మరణమన్న మాటను మాత్రం వదులుకోలేదు. 2000 ఆగస్టులో రెండో జాన్‌ పాల్‌ మెదడు ప్రమాణాన్ని అంగీకరిస్తూనే, ఆ విడిపోవడాన్ని ఏ శాస్త్రపద్ధతీ నేరుగా పట్టుకోలేదని, దేహంలో కనిపించే గుర్తుల వల్లనే తెలుస్తుందని చెప్పాడు. తాతగారు వింటే తల ఊపేవారు.

1994 నాటి మన భారత చట్టానికి మెదడు కాండం ఒక్కటి ఆగిపోతే చాలు. సరిహద్దు దాటితే ప్రమాణం మారుతోంది, మరణం మారుతుందా? మన తెలుగు పత్రికలు మెదడు ఇలా ఆగిపోయిన మనిషిని ‘జీవన్మృతుడు’ అని రాస్తాయి. చట్టం దృష్టిలో అతను పూర్తిగా మృతుడే. ఆ మాట చదివిన కన్నతల్లి బిడ్డ ఇంకా సగం బతికే ఉన్నాడనుకుంటే తప్పు ఆమెది కాదు.

ఈ ప్రమాణాన్ని నేను కాదనను. నా డ్రైవింగ్‌ లైసెన్సు మీద అవయవదాత గుర్తుగా గులాబీ చుక్క ఉంది. కానీ ఐసీయూలో కొడుకు వెచ్చటి చెయ్యి పట్టుకుని, వెళ్ళిపోయాడా అని దుబాసీని అడిగే తల్లికి తటస్థలక్షణాన్ని స్వరూపలక్షణంగా అప్పజెప్పడం అన్యాయం. యంత్రం ఇచ్చే ఊపిరితో గుండె కొట్టుకుంటోందని, తనంతట తాను మళ్ళీ ఊపిరి తీసుకోలేడని, చట్టం దీన్ని మరణంగా గుర్తించిందని ఆమెకు తెలియాలి. ఆత్మ సంగతి ఆమె పాదిరితోనో, తన మనసుతోనో తేల్చుకుంటుంది.

అందుకే మా వైద్యపదాల కోశంలో ఆ నిర్వచనం ‘సెగున్‌ లా లేయ్‌’, అంటే చట్టం ప్రకారం, అని మొదలవుతుంది. ఇంగ్లీషు మూలంలో ఆ మాటలు లేవు. సమీక్షకులు అదనమన్నారు, కొట్టేయమన్నారు. ఇది చట్టం నోట కొత్త మాట పెట్టడం కాదు, మాట్లాడుతున్నది చట్టమేనని చెప్పడం అని వాదించి ఉంచాను. ఆ నమూనా చట్టాన్ని సవరించడానికి కూర్చున్న సంఘం 2023లో ఏకాభిప్రాయం కుదరక పని ఆపేసింది. కాబట్టి మా కోశంలో ఆ పదం కింద ఇప్పటికీ ‘లేదా’ ఉంది, ‘అన్నీ’ ఉంది, వాటి ముందు ‘సెగున్‌ లా లేయ్‌’ ఉంది.