వదిలిన దీపం, ఉంచుకున్న దీపం

హాలు మధ్యలో ఇత్తడి ఉరుళి. అంచుదాకా నీళ్లు, నీళ్ల మీద గులాబీ రేకులు, రేకుల మధ్య ఆరేడు తేలే కొవ్వొత్తులు. లైట్లు ఆర్పగానే గోడలు బంగారు రంగుకు తిరుగుతాయి, పైకప్పు మీద నీటి నీడలు కదులుతాయి. పెళ్లిరోజుకో, దీపావళికో, కొత్తింట్లో మొదటి విందుకో తెలుగు నగరాల్లో ఇప్పుడీ అమరిక మామూలైపోయింది. కేరళ వంటిళ్లలో పాయసం కాచే ఉరుళి మన ముందుగదిలోకి వచ్చి పూలకూ దీపాలకూ పీటయింది.

ఆ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఆమెకు ఈ వెలుగులో ఇంకో చోటు గుర్తుకొస్తుంది. మార్గశిర శుద్ధ పాడ్యమి, తెల్లవారుజాము. గోదావరి రేవులో తడి మెట్లు, వణికించే చలి. అరటి దొప్పలో ముప్ఫై వత్తులు వెలిగించి, పసుపూ కుంకుమా పూలూ పెట్టి, నీళ్ల మీద ఉంచి, ముందుకు కదిలేలా అరచేత్తో నీళ్లు తోస్తారు. కార్తీకమంతా రోజూ దీపం పెట్టలేకపోయినవాళ్లకు ఆ ఒక్క పూట దీపాలే నెలరోజుల దీపాలు. “నీళ్లలో వదలాల్సిన దీపాన్ని గిన్నెలో పెట్టుక్కూచున్నారేంటమ్మా?” అని ఆమె అడిగితే దాన్ని చాదస్తమని తోసెయ్యకూడదు. పూజకు వెలిగించిన దీపమూ, ముచ్చటకు వెలిగించిన దీపమూ ఒకటేనా? వేరైతే ఆ తేడా ఎక్కడుంది? వత్తిలోనా, నీటిలోనా, వెలిగించిన చేతిలోనా?

ముందు ఆ దీపాన్నే కాస్త దగ్గరగా చూడాలి.

నిప్పూ నీరూ పొసగవని లోకం అంటుంది. వేదం అలా అనుకోలేదు. ఋగ్వేదం 2వ మండలంలోని 35వ సూక్తం అపాంనపాత్తు అనే దేవతది. ఆ పేరుకు నీళ్ల బిడ్డ అని అర్థం. సమిధలు లేకుండా నీళ్లలోనే ప్రకాశించేవాడాయన. పురాణాలు సముద్రగర్భంలో బడబాగ్నిని చూశాయి. ఒకదాన్నొకటి చంపుకోవలసిన రెండు భూతాల్లో ఒకటి రెండోదాన్ని మోస్తూ కనిపిస్తే మనసు అక్కడే ఆగిపోతుంది. తేలే దీపం ముందు పసివాళ్లు కూడా గొంతు తగ్గించేది అందుకే.

ఈ ఊహకు ప్రయోగశాలలో ఒక తోడు దొరికింది. మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం కొవ్వొత్తి మీద క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చాడు, 1848లో ఒకసారి, 1860-61లో మరోసారి. వెలుగుతున్న మంట మీద ఐసూ ఉప్పూ నింపిన గిన్నె పట్టుకుంటే గిన్నె అడుగున నీటిచుక్క చేరింది. మైనంలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఆ చుక్కకు పొటాషియం ముక్క తగిలించగానే అది ఊదారంగు మంటతో అంటుకుంది. నిప్పులోంచి నీరు, నీటి మీద మళ్లీ నిప్పు. ఫారడే శాండమేనియన్ అనే చిన్న క్రైస్తవ శాఖలో నిష్ఠగల సభ్యుడు. కొవ్వొత్తిని కొలిచి చూసినందుకు ఆయనకు దాని మీద గౌరవం తగ్గలేదు.

తేలే కొవ్వొత్తి నిర్మాణం కూడా ఆలోచింపజేసేదే. పారఫిన్ మైనం సాంద్రత నీటి సాంద్రతలో దాదాపు పదికి తొమ్మిది వంతులు. అందువల్ల ఆ కొవ్వొత్తి ఇంచుమించు తొమ్మిది వంతులు మునిగి, ఒక్క వంతు పైకి కనిపిస్తుంది. ఒరిగిపోకుండా పైభాగాన్ని వెడల్పుగా, అడుగును సన్నగా పోతపోస్తారు. చుట్టూ ఉన్న చల్లని నీరు పక్కల్ని కరగనివ్వదు. మధ్యలో మైనం కరిగి మండుతుంటే అంచు పల్చటి గోడలా నిలుస్తుంది. ఆ దీపానికి నీరే ప్రమిద.

పదార్థం ఇలా ఉంటే, పవిత్రత ఎక్కడినుంచి వస్తుంది? మీమాంసకులు యాగానికి ఇచ్చిన లక్షణంలో మంట ప్రస్తావనే లేదు. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని వదులుకోవడమే యాగం అన్నారు. హోమంలో యజమాని చెప్పే “న మమ”, అంటే “నాది కాదు” అన్న మాటతోనే కర్మ పూర్తవుతుంది. ఈ కొలతతో చూస్తే రేవులో దొప్పను తోసే చెయ్యి చేస్తున్నది యాగమే. నెయ్యి తనది, వత్తి తనది, వెలిగించింది తాను. ఒక్క తోపుతో అది తనది కాకుండా పోయింది. ఇక అది ఎంతదూరం వెళ్తుందో, ఎక్కడ ఆరుతుందో వెనక్కి పిలిచి అడగడానికి లేదు.

తాయ్‌లాండ్‌లో లోయ్ క్రథోంగ్ నాడు చేసేదీ ఇదే. అక్కడి చాంద్రమానం ప్రకారం పన్నెండో నెల పున్నమి రాత్రి, అరటిబోదె చక్రం మీద ఆకులు మడిచి, పూలూ కొవ్వొత్తీ అగరొత్తులూ గుచ్చి నదిలో వదులుతారు. హిరోషిమాలో ఏటా ఆగస్టు 6 సాయంత్రం మోతోయాసు నది మీద కాగితపు లాంతర్లు వదులుతారు. 1945లో అదే రోజు పడిన అణుబాంబుకు బలైనవాళ్ల కోసం ఆ లాంతర్లు. ముర్షిదాబాద్‌లో ఖ్వాజా ఖిజర్ పేరిట భాగీరథిలో దీపాల తెప్పలు సాగనంపుతారు. భాషలు వేరు, మతాలు వేరు. చేతిలోంచి జారవిడిచే ఆ క్షణం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

అలాగైతే గిన్నెలో నిలవ ఉన్న నీళ్ల మీద దీపం ఎక్కడికీ పోదు కాబట్టి అది వట్టి అలంకారమేనా?

ఈ తొందరపాటుకు జవాబు కార్తీకం కథలోనే ఉంది. పోలి చిన్నకోడలు. అత్తగారు మిగతా కోడళ్లను వెంటబెట్టుకుని నదికి వెళ్లి దీపాలు పెట్టేది. పోలికి ఇల్లు దాటే వీలు లేదు, వత్తి లేదు, నెయ్యి లేదు. ఆమె నూతి దగ్గరే నీళ్లు తోడుకుని స్నానం చేసింది, పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసింది, కవ్వానికి అంటిన వెన్న రాసి వెలిగించింది, ఎవరూ చూడకుండా దానిమీద బుట్ట బోర్లించింది. స్వర్గానికి తీసుకెళ్లే విమానం నది ఒడ్డుకు రాలేదు, ఆ పెరట్లోకి వచ్చింది. పాడ్యమినాడు నదిలో దీపాలు వదిలే ఆడవాళ్లు చెప్పుకునే కథ ఇది. రేవుకు వెళ్లలేకపోయిన మనిషి ఇంట్లో దాచుకున్న దీపాన్ని తలుచుకుంటూ రేవులో దీపాలు వదులుతారు. చోటు వల్ల దీపానికి ఘనత రాదని ఆ ఆచారమే ఒప్పుకున్నట్టయింది. పోలి వదులుకున్నది వేరు. నలుగురూ చూడాలన్న కోరికను వదులుకుంది.

ఇంట్లో వెలిగే దీపాన్ని కొలవాల్సింది ఈ కొలతతోనే. భార్యాభర్తల ఏకాంతానికి వెలిగించారు గనక అది తక్కువదన్న మాట మన సంప్రదాయం అనలేదు. నాలుగు పురుషార్థాల్లో కామం ఒకటి. కుమారసంభవం మొదటి సర్గలో కాళిదాసు హిమాలయాన్ని వర్ణిస్తూ, రాత్రిళ్లు మెరిసే ఓషధులు గుహల్లోని ప్రేమికులకు నూనె అక్కర్లేని దీపాలయ్యాయన్నాడు. పార్వతీపరమేశ్వరుల కథకు ఆయన ఎంచుకున్న వెలుతురు అది. మసక వెలుగులో గది గోడలు వెనక్కి జరిగి, ఎదుటి ముఖం ఒక్కటే మిగులుతుంది. పగలంతా లెక్కలు, పనులు, పిల్లల ఫీజులు మాట్లాడుకున్న ఇద్దరు మనుషులు ఆ గంటసేపు వాటిని పక్కన పెట్టగలిగితే, అక్కడా ఏదో వదులుకోవడం జరిగినట్టే. అదే దీపాన్ని నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసి, ఎందరు మెచ్చుకున్నారో చూసుకుంటూ కూర్చుంటే, అది నీళ్ల మీద తేలుతున్నా చేతి పట్టు వదలని దీపం.

నదిలో వదిలినంత మాత్రాన వదిలినట్టు కాదన్నది కూడా అంతే నిజం. 2022లో లోయ్ క్రథోంగ్ తర్వాత బ్యాంకాక్ నగర సిబ్బంది నీళ్లలోంచి ఏరిన క్రథోంగ్‌లు 5.7 లక్షలు దాటాయి. ఎక్కువ భాగం అరటిబోదెవీ ఆకులవే అయినా, ఫోమ్‌తో చేసినవీ వాటిలో ఉన్నాయి. మన రేవుల్లోనూ అరటి దొప్పల పక్కన థర్మాకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గిన్నెలు తేలుతున్నాయి. అరటి దొప్ప కుళ్లి మట్టిలో కలుస్తుంది. థర్మాకోల్ నదిని వదలదు. “నాది కాదు” అని తోసేసిన వస్తువు మరుసటి ఉదయం ఇంకొకరి చేతికి చెత్తగా తగిలితే, దాన్ని త్యాగం అనడానికి నోరు రాదు. మైనపు దీపాలు గిన్నెలో ఉండాలి, నదికి వత్తీ నెయ్యీ అరటి దొప్పా చాలు.

విద్యారణ్యులు 14వ శతాబ్దంలో రాసిన పంచదశిలో పదో ప్రకరణానికి నాటకదీపం అని పేరు. నృత్యశాలలో వెలిగే దీపం సభాపతి మీదా, ప్రేక్షకుల మీదా, ఆడే నర్తకి మీదా ఒకే తీరుగా పడుతుంది. అందరూ వెళ్లిపోయాక కూడా ఖాళీ శాలలో అలాగే వెలుగుతుంది. సాక్షిచైతన్యం అటువంటిదని ఆయన చెప్పారు. అహంకారం సభాపతి, విషయాలు ప్రేక్షకులు, బుద్ధి నర్తకి. వెలుగు ఎవరి పక్షమూ వహించదు. రేవులో భక్తితో చేతులు జోడించిన ముఖాన్నీ, ఉరుళి పక్కన ప్రేమగా చూసుకుంటున్న ముఖాలనూ అది ఒకేలా చూపిస్తుంది. పెద్దావిడ అడిగిన తేడా దీపానిది కాదు, ఆ వెలుగులో కూర్చున్నవాళ్లది.

విందు ముగిసి, గిన్నెలు వంటింట్లోకి చేరి, ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా ఉరుళిలో ఒకటి రెండు దీపాలు మిగులుతాయి. చూసేవాళ్లు లేరు. అయినా గోడ మీద నీటి నీడలు కదులుతూనే ఉంటాయి. మైనపు గోడ పల్చబడి ఒకచోట కుంగుతుంది, సన్నగా నీళ్లు లోపలికి వస్తాయి, వత్తి చిన్నగా చిటపటమని ఆరిపోతుంది. పొద్దున్నే ముందుగా లేచేది ఆ పెద్దావిడే. మైనం ముక్కలు ఏరి పక్కన పెడుతుంది. వడిలిన రేకులతో సహా ఆ నీళ్లను బాల్కనీలోని మల్లె కుండీలో పోస్తుంది.