ఆశ్రయం కూడా అమానతే

1922లో పుల్లరి కట్టనన్నందుకు తూటాలకు బలైన కన్నెగంటి హనుమంతు ప్రస్తావన వచ్చినప్పుడు, గురజాలలో ఒక సోదరుడు మమ్మల్ని అడిగాడు: "అలాంటి యోధుణ్ణి దాచడానికి అబద్ధమాడితే పాపం కాదా?"

1941లో సుభాష్ చంద్రబోస్ ముహమ్మద్ జియావుద్దీన్ పేరుతో కలకత్తా నుంచి తప్పించుకున్నారు. పెషావర్‌లో మియా అక్బర్ షా తోడ్పడ్డారు. కాబూల్‌లో ఉత్తమ్‌చంద్ మల్హోత్రా తన ఇంట్లో దాచి, తర్వాత జైలు పాలయ్యారు.

హిజ్రత్ దారిలో దైవప్రవక్త (స)ను చూపి ఎవరని అడిగితే, తనకు మార్గం చూపేవారని హజ్రత్ అబూబక్ర్ (రజి) బదులిచ్చారు. విన్నవారు బాట అనుకున్నారు. ఆయన ఉద్దేశించింది ధర్మమార్గం. దుర్మార్గుని నుంచి ప్రాణం కాపాడటానికి అబద్ధం తప్పనిసరైతే అది విధి అవుతుందనీ, అయినా ఇలాంటి రెండర్థాల మాటే మేలనీ ఇమామ్ నవవీ (రహ్మలై) రాశారు.

అయితే నేరస్థునికి ఆశ్రయమిచ్చేవాడు శాపగ్రస్తుడని హదీసు హెచ్చరిస్తోంది. కనుక వచ్చినవాడు దౌర్జన్యానికి గురైనవాడా, దౌర్జన్యం చేసినవాడా అని ముందు విచారించాలి. మజ్లూమ్ అయితే మతమేదైనా అతని ప్రాణం మన చేతిలో అమానతు. శరణు కోరిన బహుదైవారాధకుణ్ణి సైతం సురక్షిత స్థలానికి చేర్చమని తౌబా సూరా 6వ ఆయత్ ఆదేశం.

ఆ విచక్షణను, ఆ ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.