శ్రమయు ఆటయు ఒకటేనా?

పాడైన యెరూషలేము తిరిగి బాగుపడు దినమునుగూర్చి చెప్పుచు జెకర్యా ప్రవక్త తన గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో రెండు గురుతులు చూపెను. ముసలివారు చేతికఱ్ఱలతో వీధులలో నెమ్మదిగా కూర్చుండుట ఒకటి. మగపిల్లలును ఆడపిల్లలును ఆ వీధులనిండ ఆడుకొనుట రెండవది. ఆ కొలబద్దను మన అనంతపురము సీమకు పెట్టి చూచుకొందము.

“మా పిల్లలకు వేరే వ్యాయామమెందుకు? చేలో వంచిన నడుము ఎత్తరు గదా!” అని మన గ్రామములలో పెద్దలందురు. అందులో కొంత నిజము గలదు. వేరుశెనగ చేలో కలుపు తీయుట, కట్టెలు తెచ్చుట, బిందె మోయుట దేహమును కదలించునవే.

5 మొదలు 17 ఏండ్ల పిల్లలు దినమునకు సరాసరి 60 నిమిషములైనను గుండె వేగము హెచ్చునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2016 నాటికి లోకమందలి 11 మొదలు 17 ఏండ్ల పిల్లలలో నూటికి 81 మంది అంతమాత్రము కదలుట లేదని ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రకటించిరి. మన దేశపు ఆడపిల్లలలో ఈ కొరత ఇతర దేశములకంటె తక్కువగా కనబడెను. అందుకు ఇంటిచాకిరి కారణమై యుండవచ్చునని వారు తలంచిరి.

ప్రియ చదువరులారా, ఈ మాటకు సంతోషింతుమా, సిగ్గుపడుదుమా? బడి విడిచిన తరువాత అన్న క్రికెట్టుకు పోవును, చెల్లెలు కొళాయికి పోవును. ఇద్దరి కాళ్లును నడిచినవి. అయితే ఒకరు కోరి పరుగెత్తిరి, ఒకరు తప్పక నడిచిరి. పని ఇంటి అక్కర తీర్చును. ఆటలో బిడ్డ తోటివారితో నవ్వును, ఓడి కోపగించుకొనకుండ నేర్చుకొనును, తన దేహము బరువు మోయుటకు మాత్రమే కాదని తెలిసికొనును. బిందె ఎంత మోసినను ఈ పాఠము రాదు.

పట్టణపు బిడ్డ స్థితి వేరు. తెల్లవారుజాము మొదలు రాత్రివరకు పుస్తకముముందు కూర్చుండును; విరామము దొరికిన సెల్‌ఫోను పట్టును. వాని కాళ్లు పరుగు మరచినవి. రెండు చోట్లను మన తప్పు ఒక్కటే: బిడ్డను ప్రయోజనమునుబట్టి లెక్కించుచున్నాము. పల్లెలో చేతిపని, పట్టణములో మార్కులు!

దేహ సాధకము కొంచెమే ప్రయోజనకరమని పౌలు తిమోతికి వ్రాసెను గదా అని కొందరందురు. కొంచెమనెను గాని వ్యర్థమనలేదు. భక్తి దానికంటె గొప్పదని చెప్పుటకే ఆ పోలిక తెచ్చెను.

కరవునేలలో ఆట సాగదని అనరాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామము అనంతపురములోనే గలదు. అక్కడ 2010లో నాదల్ పేరిట తెరవబడిన టెన్నిసు పాఠశాలలో బీద బాలురును బాలికలును ఆటతోపాటు ఇంగ్లీషును కంప్యూటరును నేర్చుకొనిరి.

అట్టి మైదానము ప్రతి ఊరికిని దొరకదు. కబడ్డీకి నేలమీద గీత చాలును, గెంతుటకు తాడు చాలును. కావలసినది సాయంకాలమున ఒక గంట. ఆ గంట చెల్లెలికి దొరకవలెనంటే అన్న ఒక బిందె మోయవలెను, తండ్రి ఒక బిందె మోయవలెను. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట గుడి ఆవరణమును పిల్లలకు విడిచి, పెద్దలు నీడను కూర్చుండి చూతురు గాక. ప్రవక్త చూపిన రెండు గురుతులును అప్పుడు మన ఊరిలోనే కనబడును.