తెరువరాని కొట్టు

(యోబు 38:26, లూకా 12:16–21)



మన కంటికి కనబడనిది, మన చేతికి రానిది, మనకు బాధ్యత యగునా? ఈ ప్రశ్నకు దేవుని వాక్యమును, సముద్రపు అడుగున మొలచు ఒక గడ్డియు జవాబు చెప్పుచున్నవి.

మన ఎడపల్లికి సముద్రము బహు దూరము. అయినను కందకుర్తి యొద్ద మంజీర గోదావరిలో కలిసి, ఆ నీరు కడకు బంగాళాఖాతమునే చేరుచున్నది గదా. తీరమున, లోతు తక్కువైన నీళ్లలో, సముద్రపు గడ్డి పెరుగును. ఇది నాచు కాదు. మన వరివలె వేరు, ఆకు, పువ్వు, విత్తనము గల మొక్క. పులికాటు సరస్సులోను, తమిళనాడునకును శ్రీలంకకును నడుమనున్న పాక్ అఖాతములోను ఇది కలదు. సముద్రపు ఆవు అను జంతువు దీనినే మేసి బ్రదుకును.

ఈ గడ్డి నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును తీసికొని పెరుగును. దాని వేళ్లును, రాలిన ఆకులును బురదలో పూడిపోవును. అక్కడ ప్రాణవాయువు లేనందున అవి త్వరగా కుళ్లవు. ఆలాగున బొగ్గు పదార్థము వందల యేండ్లు, వేల యేండ్లు నిలిచియుండును. మధ్యధరా సముద్రములో ఇట్టి పొర కొన్ని గజముల మందము పేరుకొన్నది. సముద్రపు నేల అంతటిలో ఈ గడ్డి వెయ్యింట రెండు పాళ్లకు మించదు. అయినను ఏటేట సముద్రము పూడ్చుకొను బొగ్గు పదార్థములో సుమారు దశమ భాగము దీనిదేయని శాస్త్రజ్ఞుల లెక్క.

లూకా సువార్తలోని ధనవంతుడు తనకొరకే కొట్లు కట్టదలచెను. యోసేపు కరవు దినములకై ధాన్యము నిలువచేసి, కొట్లు తెరచి జనులను బ్రదికించెను. ఈ గడ్డి కట్టిన కొట్టు ఆ రెంటికిని వేరు. దీనిని తెరువకుండుటయే మేలు. నేలనీడ్చు వలలు గడ్డిని పెల్లగించినప్పుడు, పూడినది ప్రాణవాయువు తగిలి కుళ్లి, మరల బొగ్గుపులుసు వాయువగును. ఎండలు ముదురుటకు అదియు తోడగును.

తీసికొన వీలులేని సొత్తు సొత్తేనాయని ఒకడడుగవచ్చును. నరులు లేని అడవిలో సహితము వాన కురిపించువాడు తానేయని దేవుడు యోబునకు తెలియజేసెను. కాబట్టి దేని విలువకైనను మన లాభము కొలత కాదు.

తమిళనాడు ప్రభుత్వము 2022లో పాక్ అఖాతమున 448 చదరపు కిలోమీటర్లను సముద్రపు ఆవులకై రక్షిత ప్రాంతముగా ప్రకటించినది. అది వారి భాగము. మన భాగమేది? మన పొలములోని మట్టియు ఒక కొట్టే. వరికొయ్యలకును చెరకు ఆకునకును నిప్పు పెట్టినప్పుడు, మట్టికి చేరవలసినది ఒక్క సాయంత్రమున పొగయగును. కోతకును నాటునకును నడుమ దినములు కొద్ది, కూలి ప్రియము. రైతు కష్టమెరుగక అతనిని నిందించుట న్యాయము కాదు. అయితే ఆ కష్టము మనలను నేలకు యజమానులుగా చేయదు. నేల ప్రభువుదని లేవీయకాండము 25వ అధ్యాయము బోధించుచున్నది. మనము కాపరులము మాత్రమే.

ఈ కోతకు ఒక్క మడినైనను కాల్చక దున్ని కలుపుడి. ట్రాక్టరు గలవారు లేనివారికి ఒక పూట దున్నిపెట్టుడి. మట్టిలో నిలిచిన దాని ఫలము మన మనుమలు అనుభవింతురు. నమ్మకమైన గృహనిర్వాహకుల మనస్సును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.