టిక్కు పడితే నేర్చుకున్నట్టేనా?



మన సహవాసంలో నర్సులున్నారు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉన్నారు. మేం తయారుచేసిన స్క్రీన్ ముందు వాళ్లు రోగుల ప్రాణాలు చేతిలో పెట్టుకుని నిలబడతారు. దాన్ని వాడడం నేర్పించాం అని మేం ఎప్పుడు చెప్పగలం? మిమ్మల్ని ఆలోచించమని అడిగే ప్రశ్న ఇది.

2009లో వచ్చిన హైటెక్ చట్టం తర్వాత అమెరికా ఆసుపత్రులు కాగితాలు వదిలి కంప్యూటర్లకు మారాయి. అందుకు ప్రభుత్వం బోలెడు డబ్బిచ్చింది. శిక్షణ మాత్రం చాలాచోట్ల కొన్ని వీడియోలు, చివర చిన్న పరీక్ష, పేరు పక్కన ఒక టిక్కు.

2017 డిసెంబరు 26న నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 75 ఏళ్ల షార్లీన్ మర్ఫీ గారికి స్కాన్‌కు ముందు ఆందోళన తగ్గించే వర్సెడ్ ఇవ్వాలి. నర్సు రాడోండా వాట్ మందుల యంత్రంలో ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టారు. యంత్రమేమో కంపెనీ పేర్లతో కాక, మందు అసలు పేర్లతో వెతుకుతోంది. వర్సెడ్ అసలు పేరు మిడజోలామ్. అందుకే దొరకలేదు. ఓవర్‌రైడ్ నొక్కి వెతికితే అవే అక్షరాలతో వెక్యురోనియం వచ్చింది. అది కండరాలను స్తంభింపజేసే మందు. అదే ఇచ్చారు. మర్నాడు మర్ఫీ గారు చనిపోయారు. 2022 మార్చిలో జ్యూరీ ఆ నర్సును దోషిగా తేల్చింది. మే నెలలో మూడేళ్ల ప్రొబేషన్ విధించారు.

ఆమె తప్పు చిన్నది కాదు. వర్సెడ్ ద్రవంగా వస్తుంది, ఇది నీళ్లు కలపాల్సిన పొడి. మూత మీద హెచ్చరిక కూడా ఉంది. తప్పు తనదేనని ఆమే ఒప్పుకున్నారు. అయితే ఆ రోజుల్లో ఓవర్‌రైడ్ నొక్కడం అక్కడ మామూలు విషయమని విచారణలో ఆమె తరఫువారు చెప్పారు. నన్ను ఎక్కువగా కలతపెట్టేది మరొకటి. ఆ సమయంలో ఆమె పక్కన పని నేర్చుకుంటున్న కొత్త ఉద్యోగి ఒకరున్నారు. అసలు శిక్షణ అక్కడ జరుగుతోంది! హెచ్చరిక వస్తే ఆగి చదవాలని తరగతిలో చెబుతాం. అవసరం లేని హెచ్చరికలు పదేపదే వస్తుంటే, చదవకుండా నొక్కెయ్యాలని వార్డు నేర్పుతుంది. మరి ఏ పాఠం నిలుస్తుంది?

బాధ్యత ఇద్దరిదీ అంటే చెరి సగం అని కాదు. ఆమెది ఆమె మీద పూర్తిగా ఉంది. దానివల్ల మాది కాస్తయినా తగ్గదు. ఆ తర్వాత కొన్ని మందుల యంత్రాల్లో కనీసం ఐదు అక్షరాలు కొడితేగాని పేర్లు చూపించని ఏర్పాటు వచ్చింది. అంటే ముందే చేయగలిగిన పనే.

కాబట్టి తరగతిలో అన్నీ సవ్యంగా నడిచే ఉదాహరణలు చూపించి పంపితే సరిపోదు. దొరకని మందు ఇచ్చి వెతకమనాలి, ఓవర్‌రైడ్ దాకా తీసుకెళ్లి, అక్కడ ఆగి ఎవరిని పిలవాలో నేర్పాలి. యాస చూసి నవ్వుతారేమోనని ప్రశ్న అడగడానికి జంకే మన అక్కచెల్లెళ్ల పక్కన కూర్చునే మనిషి ఒకరుండాలి. ఇదంతా డ్యూటీ వేళల్లో, జీతమిచ్చి చేయించాలి. సెలవురోజున పిల్లలకు అన్నం పెడుతూ ఫోన్‌లో చూసిన వీడియోను శిక్షణ అని లెక్క రాసుకోవడం నాకైతే అన్యాయంగా తోస్తుంది.