పిల్లల వయస్సు – పెద్దల సత్యము

పన్నెండేండ్ల బాలుడును పదునాలుగేండ్ల బాలుడును పక్కపక్కన నిలిచినప్పుడు వారి నడుమగల భేదము రెండేండ్లే యనుట లెక్కకు సరిపోవును గాని కంటికి సరిపోదు. ఆ రెండేండ్లలోనే గొంతు మారును, భుజములు విచ్చుకొనును, ఎముక గట్టిపడును. నలువదేండ్లవానికి, నలువదిరెండేండ్లవానికి మధ్య లేని అంతరము వారి మధ్య కలదు. బాలుర క్రీడలలో పదునాలుగు లోపు, పదునారు లోపు అని తరగతులు ఏర్పడినది ఇందుచేతనే. ఆ తరగతులే ఇప్పుడు కొందరు తలిదండ్రులకు ఆశ కల్పించుచున్నవి. బిడ్డ ఆటను పెంచుట కష్టము. కాగితముమీద బిడ్డ వయస్సు తగ్గించుట సులభము.

2001 ఆగస్టులో అమెరికాలో జరిగిన లిటిల్ లీగ్ బేస్‌బాల్ పోటీల కథ ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. అవి పన్నెండేండ్లకు మించని బాలుర పోటీలు. న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ జట్టు తరఫున డానీ అల్మోంటె అను బాలుడు బంతి విసరినాడు. ఒక ఆటలో తనను ఎదుర్కొన్న 18 మందిలో 16 మందిని విసరుతోనే వెనుకకు పంపినాడు. పెద్దల బేస్‌బాల్‌లో విసరువానికి, కొట్టువానికి నడుమ 60 అడుగుల 6 అంగుళముల దూరముండును. ఈ పిల్లల పోటీలలో అది 46 అడుగులే. అంత దగ్గరనుండి రెండేండ్లు పెద్దవాడు బలముకొద్ది విసరిన బంతి ముందు చిన్నవాని కన్నుగాని చేయిగాని ఏమి చేయగలదు? పత్రికలు ఆ బాలుని ఆకాశమున కెత్తినవి. ఆ నెల ముగియునంతలో అతని స్వదేశమైన డొమినికన్ రిపబ్లిక్ అధికారులు అసలు సంగతి తేల్చినారు. 1989లో పుట్టినట్లు చూపబడిన బాలుడు నిజమునకు 1987లోనే పుట్టినాడు. జట్టు గెలుపులన్నియు కొట్టివేయబడినవి. తండ్రిని, జట్టు నిర్వాహకుని సంస్థ శాశ్వతముగా బహిష్కరించినది. బాలుని మాత్రము తప్పుపట్టలేదు. పెద్దలు వానిని వాడుకొన్నారనియే సంస్థవారు చెప్పినారు. అయినను ఆ కథ నేటికిని తండ్రి పేరుతో గాక కొడుకు పేరుతోనే చెప్పబడుచున్నది.

భారతదేశములోను ఈ జాడ్యము తక్కువ కాదు. పదునారు లోపు బాలుర ఎంపికలో క్రికెట్టు బోర్డు ఎడమచేతి మణికట్టుకు ఎక్స్‌రే తీయించి, ఎముకల ఎదుగుదలనుబట్టి వయస్సు అంచనావేయు టి.డబ్ల్యు.3 పద్ధతిని ఏండ్లుగా పాటించుచున్నది. ఫుట్‌బాల్ ప్రపంచసంస్థ 2009 నుండి పదునేడు లోపు ప్రపంచకప్పులో ఎం.ఆర్.ఐ. యంత్రమును ఆశ్రయించినది. కన్నతండ్రి చెప్పిన మాటను యంత్రము సరిచూడవలసి వచ్చినదన్నమాట. ఆ యంత్రమైనను తేదీ చెప్పలేదు. అంచనా మాత్రమే చెప్పును. త్వరగా ఎదిగిన పిల్లవాడు నిజము చెప్పియు ఆ పరీక్షలో తప్పిపోవచ్చును. ఇతరుల అబద్ధమునకు వాడు చెల్లించు సుంకమిది.

2015 డిసెంబరులో పటౌడీ స్మారకోపన్యాసమున రాహుల్ ద్రావిడ్ ఈ విషయమునే ఎత్తుకొని, తలిదండ్రులు, శిక్షకులు కలిసి దొంగ జననపత్రము పుట్టించుట కన్నులార చూచిన బాలుడు మోసమునకు అలవాటుపడడా యని అడిగినాడు. పిన్నవయస్సున వయస్సు మార్చినవాడు పెద్దయిన తరువాత ఆటనే అమ్ముకొనునేమో యని ఆయన భయము. ఆ భయము సబబే గాని, అంత దూరము పోనక్కరలేదు. నష్టము ఆ ఇంటిలోనే, ఆ సాయంకాలమే మొదలగును. “ఎవరైన అడిగితే పన్నెండని చెప్పు నాయనా” అని తండ్రి నేర్పినప్పుడు పిల్లవాడు రెండు సంగతులు గ్రహించును. అబద్ధమాడవచ్చునని ఒకటి. తన ఆట తన వయస్సువారిలో నిలువదని తన తండ్రియే తలచుచున్నాడని రెండవది. మొదటిదానికంటె ఈ రెండవదే లోతుగా నాటుకొనును.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో కూటలేఖక్రియ, అనగా దొంగపత్రము పుట్టించుట, పేరు పెట్టి చెప్పబడినది. అచౌర్యవ్రతమునకు చెప్పినవానిలో తక్కువ ఎక్కువల కొలతలు ఉన్నవి. జననపత్రము లేఖ, వయస్సు కొలత. కనుక ఈ రెండు దోషములు ఒకే కాగితముమీద కలిసికొన్నవి. చేయుట, చేయించుట, ఆమోదించుట అను మూడింటిని సమముగా లెక్కించు సంప్రదాయములో “వ్రాసినది గుమాస్తా, నేను కాదు” అనుటకు చోటులేదు. చూచియు ఊరకున్న తల్లికిని చోటులేదు. కడకు తలయూపవలసి వచ్చిన బిడ్డ మాటయే కొంచెము వేరు. వాని నోటినుండి ఆ ఆమోదమును పిండుకొన్నవారు పెద్దలే కదా.

పూర్వము ఎందరి పుట్టినరోజులు బడి అయ్యవార్లు వేసినవి కావు? అని కొందరందురు. నిజమే. జాతకములో ఒక తేదీ, బడి పుస్తకములో ఒక తేదీ గల తాతలు ప్రతి వీథిలోను ఉండిరి. కాని నాడు చాలమందికి తేదీ తెలియకపోవుట కారణము. 1969 చట్టము ప్రకారము జననమును 21 దినములలో తెలుపవలసియున్న కాలములో పుట్టిన పిల్లలకు ఆ సాకు అమరదు.

ఇంతకంటె బలమైన వాదము మరియొకటి కలదు. ఈ నియమమే న్యాయమైనది కాదు గదా యని. జనవరి 1న పుట్టినవాడును డిసెంబరు 31న పుట్టినవాడును ఒకే తరగతిలో పడుదురు. కెనడాలో ఐస్ హాకీ ఆటగాండ్ర జన్మమాసములను పరిశీలించి 1985లో ప్రకటించినవారు, పై జట్లలో సంవత్సరాదిని పుట్టినవారే ఎక్కువయని చూపినారు. కొన్ని నెలల పెద్దరికము చిన్నతనములో ఎంపికకు, ఎంపిక మంచి శిక్షణకు, శిక్షణ మరల ఎంపికకు దారితీయును. డిసెంబరు బిడ్డ తండ్రికి కష్టము తోచుట సహజము. గీత ఎక్కడ గీచినను ఎవడో ఒకడు దానికి ఆవలనో ఈవలనో పడును.

అయినను వర్తకునికి ఈ సంగతి కొత్తది కాదు. మెట్రిక్ తూకములు రాకముందు సేరు అన్ని సీమలలోను ఒకే బరువు కాదు. సేరు ఇంతయే ఉండవలెనని ప్రకృతి శాసించలేదు. అది పదుగురు ఒప్పుకొన్న ఒడంబడిక. అయినంతమాత్రమున అడుగు తొలిచిన రాతితో తూచినవానిని ఏ సంతలోను మన్నించలేదు. కొలత మనుష్యులు కల్పించినది గనుకనే అది మాటమీద నిలిచియున్నది. అది అన్యాయమని తోచినవాడు సంఘములో లేచి చెప్పవచ్చును, మార్పించవచ్చును. బల్లక్రింద రాయి మార్చుట వేరు.

మిగిలినది “అందరును చేయుచున్నారు” అనుమాట. దీనిని తేలికగా త్రోసివేయుట తగదు. నిజముగా పన్నెండేండ్లవాడు, పన్నెండని వ్రాయించుకొన్న పదునాలుగేండ్లవాని వేగపు బంతి నెదుర్కొనవలసి వచ్చినప్పుడు వాని తండ్రికి కడుపు మండుట న్యాయమే. ఆయన ఫిర్యాదు చేయవచ్చును, పరీక్ష కోరవచ్చును, బిడ్డను ఆ పోటీనుండి తప్పించవచ్చును. ఈ మూడింటను నష్టము కలదు. ఒక ఏడాది పోవచ్చును, ఎంపికయే పోవచ్చును. సత్యము లాభసాటియని ఆయనను ఊరడించుట మోసమే యగును. కాని పొరుగు అంగడి తూకము తప్పని తన తూకము తప్పించుకొన్నవాడు పొరుగువానికి బుద్ధి చెప్పినట్లు కాదు. కొనుగోలుదారులకు ఒక అంగడి తగ్గించినట్లు. ఇక్కడ కొనుగోలుదారు డెవడనగా, మూడవ ఇంటి పిల్లవాడు. జాబితాలో పదునారవ పేరుగా మిగిలిపోయి, తానెందుకు మిగిలెనో తెలియక, తనకు ఆట రాదనుకొని బ్యాటు అటకమీద పెట్టువాడు.

అబద్ధమునకు పరివారము పెద్దది. వయస్సు తగ్గించిన పిమ్మట తరగతి తగ్గించవలెను, టి.సి. మార్పించవలెను, ఆధార్‌కు పాస్‌పోర్టుకు సరిపోల్చవలెను. రెండేండ్లు తగ్గిన అన్న, ఏడాదిన్నర చిన్నదైన చెల్లెలికి తమ్ముడై కూర్చుండును! బంధువులు నవ్వుకొందురు. పిల్లవాడు మాత్రము తన నిజమైన పుట్టినరోజును స్నేహితుల నడుమ జరుపుకొనలేడు.

ఇప్పటికే చేసినవారి మాట ఏమి? 2020లో క్రికెట్టు బోర్డు ఒక మార్గము చూపినది. వయస్సు మార్చినట్లు తామై ఒప్పుకొని, ఆధారములతో నిజమైన తేదీ తెలిపినవారికి శిక్ష లేదనియు, తమకు తగిన తరగతిలో ఆడవచ్చుననియు, దాచి పట్టుబడినవారికి రెండేండ్ల నిషేధమనియు ప్రకటించినది. అట్టి ఒప్పుకోలు లేఖ వ్రాయించిన ఇంటిలో సంతోషముండదు. బాలుడు పెద్దవారి తరగతికి పోవును. అక్కడ వానికి చోటు దొరకకపోవచ్చును. వాడు విడిచిన చోటు మరియొక బాలునికి పోవును. ఆ బాలుని తండ్రికి అది ఎట్లు వచ్చినదో తెలియదు. కృతజ్ఞత చెప్పుటకు రాడు.