సొంత మగ్గం అంటే ఏమిటి?

2019 డిసెంబర్ 21న ధర్మవరంలో 'వైఎస్సార్ నేతన్న నేస్తం' పథకం మొదలైంది. సొంత మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు, అంటే నెలకు రెండు వేలు ఇచ్చేవారు. పథకం మంచిదా చెడ్డదా అన్నది పార్టీలకి వదిలేద్దాం. నన్ను ఆలోచనలో పడేసింది ఆ 'సొంత' అన్న మాట.

ధర్మవరంలో ముడిపట్టు, జరీ, డిజైన్ మాస్టర్ వీవర్ ఇస్తే చీరకింత అని కూలికి నేసేవాళ్లు చాలామంది. కొందరికి మగ్గం ఇంట్లోనే ఉంటుంది, కొందరు యజమాని షెడ్డులో కూర్చుంటారు. పని ఒకటే, నడుం నొప్పీ ఒకటే. కానీ ఆ సాయం మొదటివాళ్లకే అందేది. కాగితం మీద వాళ్లది స్వయం ఉపాధి. చీర ధర మాత్రం వాళ్లు చెప్పరు.

వాళ్లలో ఒకరు నిజంగానే సొంతంగా మొదలుపెట్టారనుకుందాం. పట్టు తనే కొని, నేసి, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి బెంగళూరులో అమ్ముతున్నారు. అప్పుడు ఇంకో గీత అడ్డొస్తుంది. 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం బియ్యం కార్డు కావాలంటే కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. ఇన్‌కమ్ టాక్స్ కట్టకూడదు. నేతపని ఆదాయం జీతంలా రాదు. శ్రావణంలో వచ్చింది ఆషాఢంలో ఉండదు. మంచి నెల చూపిస్తే కార్డు పోతుందన్న భయం. అందుకని దాచేస్తే, అది తప్పా?

తప్పే అని చప్పున అనేస్తాం. అయితే కాస్త చుట్టూ చూద్దాం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి ప్రభుత్వం భూమి, రాయితీలు ఇచ్చింది. దాన్ని ప్రోత్సాహకం అన్నాం. గుర్తింపు పొందిన స్టార్టప్‌కి మొదటి పదేళ్లలో మూడేళ్లు పన్ను మినహాయింపు అడిగే వీలుంది. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు అమ్మే రైతు పురుగుల షెడ్డుకి సబ్సిడీ తీసుకుంటే, ఈసారి ధర బాగా పలికింది కదా, వెనక్కివ్వమని ఎవరూ అడగరు. బియ్యం తీసుకునేవాడు ఎదిగితేనే మనకి అనుమానం.

అలాగని అబద్ధం ఒప్పయిపోదు. దాచేవాళ్లు బోర్డు పెట్టుకోలేరు, బిల్లు రాయలేరు, లెక్కలు చూపించి బ్యాంకు లోను అడగలేరు. అంటే ఆ అబద్ధం ముందు దెబ్బ కొట్టేది వాళ్లనే, చిన్నగానే ఉండిపొమ్మంటుంది. తర్వాత దెబ్బ షెడ్డులో నేసేవాళ్లకి. దొంగ లెక్కలు బయటపడ్డ ప్రతిసారీ నిబంధనలు బిగుస్తాయి, చేతిలో కాగితం లేనివాళ్లే ముందు జారిపోతారు.

జర్మనీలో నిరుద్యోగ భృతి తీసుకుంటూ సొంత వ్యాపారం పెట్టేవాళ్లకి, అర్హత ఉంటే, మొదటి ఆరు నెలలు ఆ భృతి మొత్తంతో పాటు నెలకు 300 యూరోలు ఇస్తారు. సంపాదన మొదలైంది అని చెప్పడానికి అక్కడ భయపడక్కర్లేదు. అది దానమేం కాదు. నిజం చెప్పినవాడు నష్టపోకుండా చేసిన ఏర్పాటు.

నిజాయితీని అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది, మనకీ ఉంది. కాకపోతే నిజం చెప్పడానికి అయ్యే ఖర్చులో కొంత అడిగేవాళ్లూ భరించాలి. గీత దాటగానే అంతా తీసేయకుండా, రెండు మూడేళ్లలో మెల్లగా తగ్గిస్తే చాలు. ఒక నేతగాడు ఇంటి ముందు తన పేరుతో బోర్డు పెట్టేముందు బియ్యం కార్డు గురించి ఆలోచించాల్సి వస్తోందంటే, ఆ మగ్గం ఇంకా పూర్తిగా అతని సొంతం కానట్టే.